గీజర్ ట్రిప్ అవుతోంది, ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఎవరిని నమ్మాలి?

ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను. ఇంట్లో ఆవిడ, అత్తగారు, తొమ్మిదేళ్ళ కొడుకు ఉంటారు. భర్త ఉద్యోగం వేరే ఊళ్ళో. బాత్రూంలో ఏడేళ్ళ నాటి 15 లీటర్ల గీజర్ ఉంది. రెండు నెలలుగా పొద్దున్నే గీజర్ వేసిన ఐదు, పది నిమిషాలకు ఇల్లంతా కరెంటు పోతోంది. డీబీ బాక్స్‌లో (ఇంటి కరెంటు లైన్ల స్విచ్‌లన్నీ ఉండే పెట్టెలో) టెస్ట్ బటన్ ఉన్న పెద్ద స్విచ్ కిందికి పడి ఉంటోంది. పైకి ఎత్తితే ఒక్కోసారి నిలుస్తుంది, ఒక్కోసారి నిలవదు.

మొదట కంపెనీ సర్వీస్ మనిషి వచ్చాడు. నీళ్ళను వేడిచేసే ఎలిమెంట్ బయటికి లాగి, దాని మీద పేరుకున్న తెల్లటి పొర పెచ్చులు పెచ్చులుగా బాత్రూం నేల మీద రాలుతుంటే, ‘‘చూశారా మేడమ్, ఎలా తినేసిందో’’ అని చూపించాడు. ఎలిమెంట్, వేడి చాలినప్పుడు దాన్ని ఆపే థర్మోస్టాట్ రెండూ మార్చి, పాతవి పట్టుకెళ్ళాడు. వారం బాగానే ఉంది, తర్వాత మళ్ళీ మామూలే. రెండోసారి మరిది తన స్నేహితుడైన ఎలక్ట్రీషియన్‌ని పంపించాడు. ఆయన ‘‘గీజర్‌ది కాదు వదినా, వైరింగ్‌ది’’ అని చెప్పి, డీబీ బాక్స్‌లో 16 అని ఉన్న చిన్న స్విచ్ (ఎంసీబీ) తీసేసి 32 అని ఉన్నది పెట్టాడు. అయినా ఆగలేదు. అప్పుడు, ‘‘ఆ పెద్ద స్విచ్చే చీటికీ మాటికీ పడుతోంది, దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేస్తే గొడవే ఉండదు’’ అన్నాడట. ఈవిడ ఆలోచించి చెప్తానని ఆపారు. ఇంతలో కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్ గీజర్ కింద చుక్కలు చూసి, ‘‘ట్యాంకు పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి’’ అని తేల్చేశాడు.

భర్త ఫోన్లో కొత్తది కొనేయమంటున్నారు. అత్తగారేమో ‘‘మగదిక్కు లేని ఇల్లని తెలిసిపోయింది, అందుకే ఆడుకుంటున్నారు’’ అంటున్నారు. స్నేహితుణ్ణి కాదని ఇంకొకరిని పిలిస్తే మరిది నొచ్చుకుంటాడేమోనని ఇంకో బెంగ. ‘‘ముగ్గురికీ డబ్బులిచ్చాను. ముగ్గురూ నమ్మకంగానే మాట్లాడారు. నాకు కరెంటు గురించి ఓనమాలు కూడా రావు. తెలియని మనిషి తెలిసిన మనిషిని ఎలా ఎంచుకోవాలి? ఈలోగా బకెట్లో రాడ్డు పెట్టుకుని నీళ్ళు కాచుకోవచ్చా?’’ అని అడిగారు.

మీరు అడిగిన వరసలో కాకుండా, ముందు ఆలస్యం చేయకూడని విషయం చెప్తాను. ఈ సమాధానంలో మిగతావన్నీ మీ ఇష్టానికి వదిలేస్తాను గానీ ఈ రెండింటిలో మాత్రం కాదు. ఒకటి, ఆ పెద్ద స్విచ్ తీసేసి డైరెక్ట్ చేయడానికి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. రెండు, 32 ఎంసీబీ తీసి మళ్ళీ 16 పెట్టించేదాకా గీజర్ వాడకండి, ప్లగ్ లాగేసి ఉంచండి.

ఎందుకో చెప్తాను. మీకు ఓనమాలు రావని రాశారు గానీ, మీరు చూసి రాసిన విషయాలు ఆ ముగ్గురూ చెప్పినవాటికంటే పనికొచ్చేవి. డీబీ బాక్స్‌లో రెండు రకాల కాపలాదార్లు ఉంటారు. చిన్నవి ఎంసీబీలు. తీగ మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు లాగినా, షార్ట్ అయినా అవి పడతాయి. టెస్ట్ బటన్ ఉన్న పెద్దదాన్ని ఆర్‌సీసీబీ అంటారు. దానికి ఎంత కరెంటు వాడుతున్నామన్నది పట్టదు. లోపలికి వెళ్ళింది వెళ్ళినట్టు తిరిగొచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. అందులో కొంచెం దారితప్పి ఎర్త్ తీగలోకో, తడి గోడలోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతుంటే రెప్పపాటులో పడిపోతుంది. ఇళ్ళల్లో మనుషుల రక్షణకు పెట్టేవి మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లవి. షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే. చీటికీ మాటికీ పడుతోందంటే అది పాడైపోయిందని వెంటనే అనుకోకూడదు, తన పని తాను చేస్తూ ఉండొచ్చు. తడి చేతులతో కుళాయి తిప్పే చోట దాన్ని పీకేయమన్నవాడు ఎంత మంచివాడైనా, మీ మరిదికి ఎంత కావలసినవాడైనా, ఆ ఒక్క మాటతో ఈ పనికి పనికిరాకుండా పోయాడు.

ఇక ఆ 16, 32 గొడవ. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపే లాగుతుంది. 16 ఎంసీబీ దానికి ధారాళంగా సరిపోతుంది. అసలు మీ ఉత్తరంలో ఎక్కడా చిన్న స్విచ్ పడిందని లేదు, పడిందల్లా పెద్దదే. అంటే పడని దాన్ని మార్చి, పడుతున్నదాన్ని పీకేద్దామన్నాడు. 32 పెట్టడం వల్ల మేలు లేకపోగా కొత్త ప్రమాదం వచ్చింది. ఆ గీజర్ సాకెట్ 16 ఆంపియర్లది. ఇప్పుడు ఆ సాకెట్టో తీగో వేడెక్కి కరిగే స్థితి వచ్చినా ఎంసీబీ కదలదు. ఓసారి ప్లగ్ లాగి పిన్నుల చుట్టూ చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే, కాలిన వాసన వస్తుంటే, అక్కడ లూజ్ కాంటాక్ట్ ఉందన్నమాట. కవర్లు విప్పకండి, చూడటం వరకే.

ఇప్పుడు ఆ ముగ్గురి సంగతి. మిమ్మల్ని ముగ్గురూ మోసం చేశారని నాకు అనిపించలేదు. ఎవరి పనిలోంచి వాళ్ళు చూశారు. గీజర్ బాగుచేసేవాడికి ప్లగ్ దగ్గరితో ప్రపంచం అయిపోతుంది. వైరింగ్ మనిషికి ప్లగ్ దగ్గర్నుంచి వెనక్కి మొదలవుతుంది. ప్లంబర్‌కి నీటి చుక్క కనపడితే చాలు. ఇళ్ళల్లో తలనొప్పి పెట్టే లోపాలన్నీ ఇలాంటి సరిహద్దుల్లోనే ఉంటాయి. ఒకడు ఇంకొకడి మీదికి తోసేస్తుంటే మధ్యలో డబ్బు కట్టేది మీరు.

సర్వీస్ మనిషి అనుమానం తప్పు కాదు. గీజర్ వేసినప్పుడు ఆర్‌సీసీబీ పడుతోందంటే ఎలక్ట్రీషియన్లు మొదట అనుమానించేది ఎలిమెంట్‌నే. బయటి లోహపు గొట్టానికి సన్నటి పగులు వస్తే కరెంటు బయటికి రాకుండా లోపల నింపిన పొడిలోకి చెమ్మ చేరుతుంది, అక్కణ్ణుంచి కరెంటు కారుతుంది. కానీ మీకు చూపించిన ఆ తెల్ల పెచ్చులు సాక్ష్యం కావు. నీళ్ళల్లో సున్నం ఎక్కువున్న ప్రతి ఇంట్లోనూ ఎలిమెంట్ అలాగే ఉంటుంది. ఆ పొర మందమైనకొద్దీ ఎలిమెంట్ లోలోపల ఎక్కువ వేడెక్కి త్వరగా పోయే మాట నిజమే. అయినా ‘పోయే అవకాశం ఉంది’ వేరు, ‘పోయింది’ వేరు. పోయిందని చెప్పేది మీటర్. 2000 వాట్ల ఎలిమెంట్ రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెడితే 26 ఓమ్‌ల దగ్గర చూపించాలి. కరెంటు కారుతోందా అన్నది దానికి తెలియదు. దానికి మెగ్గర్ అనే ఇంకో మీటర్ కావాలి. అది 500 వోల్టులు పంపి చూస్తుంది. ఎలిమెంట్‌కీ దాని బయటి గొట్టానికీ మధ్య కనీసం ఒక మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు) అయినా లేకపోతే అనుమానించాలి, సున్నా దగ్గర ఉంటే ఖాయం చేసుకోవాలి. ఈ అంకెలు మీరు కొలవడానికి కాదు. వచ్చినవాడు కొలిచి మీకు చెప్పాల్సినవి. అతను కొలిచాడా? మీ ఉత్తరంలో లేదు. చూపించి, మార్చి, పాతది పట్టుకెళ్ళాడు. అది మీ దగ్గరే ఉండుంటే ఇంకొకరు రెండు నిమిషాల్లో కొలిచి చెప్పేవారు.

నీళ్ళు ఆలస్యంగా వేడెక్కుతున్నాయి, 25 నిమిషాలు పడుతోంది అన్నారు. థర్మోస్టాట్ మార్చడానికి అదే కారణంగా చెప్పాడనుకుంటాను. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి చేరాలంటే 2000 వాట్ల మీద 18 నిమిషాలు పైచిలుకు పడుతుంది. వోల్టేజీ 200కి పడిపోతే అదే ఎలిమెంట్ 1500 వాట్లే ఇస్తుంది, అప్పుడు 24 నిమిషాలవుతుంది. చలికాలం నీళ్ళు ఇంకా చల్లగా ఉంటే ఇంకాస్త. కాబట్టి అది రోగమే కాకపోవచ్చు. దాన్ని పక్కన పెట్టండి.

ప్లంబర్ మాట దగ్గర నాకు ఎక్కువ అనుమానం వచ్చింది. మీరే రాశారు, ‘‘వేడెక్కేటప్పుడు చిన్న గొట్టంలోంచి చుక్కలు పడతాయి, కాసేపటికి ఆగిపోతాయి’’ అని. నీళ్ళు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే ఒకటిన్నర శాతం ఉబ్బుతాయి. 15 లీటర్లకు అది దాదాపు పావు లీటరు. ఆ ఉబ్బిన నీళ్ళు వెనక్కి పోవడానికి దారి లేకపోతే సేఫ్టీ వాల్వ్ ఆ చిన్న గొట్టంలోంచి కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది. అంటే మీరు చూసింది వాల్వ్ చేయాల్సిన పనే అయ్యుండొచ్చు. దాన్ని ట్యాంకు పోయిందనడం తొందరపాటు. (ఇలాంటి చుక్కలు చిరాకని ఆ గొట్టానికి బిరడా కొట్టేసేవాళ్ళు కూడా ఉన్నారు. అది మాత్రం ఎప్పుడూ చేయనివ్వకండి, ఒత్తిడి పోవడానికి ఉన్న దారి అదొక్కటే.) అయితే చుక్క ఎక్కణ్ణుంచి అన్నది తేల్చుకోవాలి. గీజర్ చల్లగా ఉన్నప్పుడు కూడా ఆ గొట్టం కారుతుంటే వాల్వ్ అరిగి ఉండాలి, లేదా లైన్లో ఒత్తిడి ఎక్కువై ఉండాలి. గొట్టంలోంచి కాకుండా గీజర్ కింది ప్లాస్టిక్ మూత అంచుల్లోంచి చెమ్మ వస్తుంటే, తుప్పు మరక కనపడుతుంటే, కథ వేరు. ఆ మూత వెనకే తీగల కనెక్షన్లు ఉంటాయి. అక్కడి గాస్కెట్ (నీళ్ళు కారకుండా అతుకు దగ్గర పెట్టే రబ్బరు చుట్టు) కారినా ట్యాంకు కారినా నీళ్ళు నేరుగా వాటి మీద పడి ఆర్‌సీసీబీ పడుతుంది. పైగా ఎలిమెంట్ మార్చినప్పుడు ఆ గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోవడం అరుదేమీ కాదు. వారం బాగుండి మళ్ళీ మొదలవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఆ మూత కింద పొడి కాగితం అంటించి సాయంత్రం చూడండి. తడిస్తే కొత్త మనిషికి చెప్పాల్సిన మొదటి సంగతి అదే.

అన్నిటికంటే విలువైన సంగతిని మీరు ఉత్తరం చివర మామూలుగా రాసేశారు. ‘‘ఆదివారాలు ఎందుకో ఎప్పుడూ పడదు’’ అని. ఇంకోచోట, రోజూ పొద్దున్నే వాషింగ్ మెషీన్ వేస్తానని, ఆదివారం మాత్రం స్నానాలయ్యాక పదింటికి వేస్తానని రాశారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎక్కడైనా పడొచ్చు, 30కి మాత్రం పడి తీరాలి. మోటారున్న, ఎలక్ట్రానిక్ బోర్డున్న వస్తువులు బాగున్నప్పుడు కూడా కాస్తో కూస్తో కరెంటు ఎర్త్‌లోకి వదులుతుంటాయి. గీజర్ కొంచెం, వాషింగ్ మెషీన్ కొంచెం, నీళ్ళ మోటారు కొంచెం, ఫ్రిజ్ కొంచెం, అన్నీ చందాలేసుకున్నట్టు కలిసి హద్దు దాటుతాయి. ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా దొంగ దొరకడు. ఇదే జరుగుతోందని నేననడం లేదు. ఇదీ జరుగుతుండొచ్చు, దీని గురించి ముగ్గురిలో ఒక్కరూ మిమ్మల్ని అడగలేదు అంటున్నాను. ‘ఎప్పుడు పడుతోంది? అప్పుడు ఇంట్లో ఇంకేమేం నడుస్తున్నాయి?’ అని అడగకుండా స్క్రూడ్రైవర్ తీసిన మనిషి మాటకు నేనైతే పెద్ద విలువ ఇవ్వను.

అందుకే ఎవరినైనా పిలిచేముందు మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఏదీ విప్పక్కర్లేదు, పొడి చేతులతో ప్లగ్గులు లాగడం వరకే. గీజర్ ప్లగ్ ఎలాగూ లాగేసి ఉంచమన్నాను కదా. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ లాగాలి. మామూలు స్విచ్ ఒక తీగనే తెంచుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది, దాని ద్వారా కూడా ఆర్‌సీసీబీ పడొచ్చు. అలా ఉంచి మిగతావన్నీ రోజూలాగే వాడండి. అప్పుడూ పెద్ద స్విచ్ పడిందంటే గీజర్‌కి సంబంధం లేదు, లేదా గీజర్ ఒక్కటే కాదు. కొత్తది కొనుంటే ఆ డబ్బు నీళ్ళల్లో పోసినట్టే అయ్యేది. పడలేదంటే, 16 ఎంసీబీ వెనక్కి పెట్టించాక గీజర్ ఒక్కటే వేసి, వాషింగ్ మెషీన్, మోటారు లాంటి పెద్దవాటి కనెక్షన్ తీసేసి చూడండి. ఒంటరిగా ఉన్నా పడితే గీజర్‌నో దాని లైన్‌నో అనుమానించాలి. ఒంటరిగా పడకుండా కలిసినప్పుడే పడితే, చందాల కథ అన్నమాట. స్నానానికి వెళ్ళేముందు మాత్రం గీజర్ ఆపి ప్లగ్ లాగేయండి. కుళాయి ముట్టుకుంటే జిల్లుమన్నట్టు ఒక్కసారి అనిపించినా ఈ పరీక్షలన్నీ మానేసి, అది తేలేదాకా గీజర్ జోలికే వెళ్ళకండి. పడిన ప్రతిసారీ టైమూ, అప్పుడు ఏమేం నడుస్తున్నాయో ఒక కాగితం మీద రాసి డీబీ బాక్స్ పక్కనే అంటించండి. వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడం మంచి పనివాడికి కూడా కష్టమే. అతను వచ్చినప్పుడు అది కనపడదు. ఆ కాగితం అతనికి సగం పని చేసిపెడుతుంది. దాన్ని చదువుతాడా, పక్కకు నెడతాడా అన్నది మీకు కూడా ఒక పరీక్షే.

ఇక అసలు ప్రశ్న. తెలియని మనిషి తెలిసిన మనిషిని ఎలా ఎంచుకోవాలి?

మనిషి మంచివాడా కాదా అన్నది ముఖం చూసి తేల్చలేం. నమ్మకంగా మాట్లాడటమంటారా, ఈ పనుల్లో అన్నిటికంటే త్వరగా అబ్బే విద్య అదే. కాబట్టి మనిషిని కాకుండా పని చేసే పద్ధతిని చూడండి. కొలిచాక చెప్తున్నాడా, చెప్పేశాక కొలుస్తున్నాడా, లేక అసలు కొలవట్లేదా? మీకు కరెంటు తెలియకపోయినా ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

దీనికి కావాల్సిన ఏర్పాటు ఏమిటంటే, లోపం కనిపెట్టడాన్నీ బాగుచేయడాన్నీ రెండు పనులుగా విడగొట్టడం. ఫోన్లోనే చెప్పండి: ‘‘ముందు లోపం ఎక్కడుందో చూసి చెప్పాలి, ఆ పనికి విడిగా డబ్బిస్తాను. ఏదైనా మార్చాలంటే ఆ తర్వాత ఆలోచించుకుని చెప్తాను.’’ ఊరికే చూసిపెడతానన్నవాడి కూలి ఎక్కడినుంచి రావాలి? ఏదో ఒకటి మార్చడంలోంచే రావాలి. అతను దొంగ కానక్కర్లేదు, లెక్కే అలా ఉంది. చూసినందుకు డబ్బు ముట్టిందంటే ‘‘ఏమీ మార్చక్కర్లేదు’’ అని చెప్పడానికి అతనికి నష్టం ఉండదు. మనవాళ్ళకు చూసినందుకు డబ్బివ్వడం అంటే కష్టం, వస్తువు చేతికొస్తే తప్ప ఇచ్చినట్టు ఉండదు. ముగ్గురికి ఇచ్చింది గుర్తు తెచ్చుకుంటే మీకు అంత కష్టం అనిపించదు.

ఫోన్లో ఇంకో ప్రశ్న అడగండి: ‘‘మీ దగ్గర మెగ్గర్ ఉందా?’’ ఉంది, తెస్తానంటే మంచిది. అదెందుకు, టెస్టర్ చాలు అన్నాడంటే ఇంకొకరిని చూసుకోండి. టెస్టర్ బల్బు వెలగడం కరెంటు ఉందో లేదో చెప్తుంది తప్ప, ఎంత కారుతోందో చెప్పదు.

తెలిసినవాళ్ళని అడిగేటప్పుడు ‘మంచి ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉన్నారా?’ అని అడగకండి. అందరూ ఒకరి పేరు చెప్తారు, ఎక్కువగా ఫోన్ ఎత్తేవాడి పేరు. ‘మీ ఇంట్లో ఏదైనా పాడైనప్పుడు, ఇది మార్చక్కర్లేదు అని చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేసిన పని మళ్ళీ పాడైతే పిలవగానే వచ్చినవాళ్ళు ఉన్నారా?’ అని అడగండి. చాలామంది కాసేపు ఆలోచించాల్సి వస్తుంది. అలా ఆలోచించి చెప్పిన పేరు విలువైనది. పెద్ద ఆఫీసుల్లోనో హాస్టళ్ళలోనో కరెంటు పని చూసేవాళ్ళు మీకు తెలిసినవాళ్ళల్లో ఉంటే వాళ్ళని అడగడం ఇంకా మేలు. రోజూ లీకేజీలతో తంటాలు పడేవాళ్ళకు మెగ్గర్ పట్టుకునేవాడెవడో తెలుస్తుంది.

వచ్చాక ఏం చూడాలి? గీజర్ దగ్గరికి కాకుండా ముందు డీబీ బాక్స్ దగ్గరికి వెళ్తే మంచి సూచన. టెస్ట్ బటన్ నొక్కి ఆర్‌సీసీబీ వెంటనే పడుతోందా అని చూస్తాడు. లైన్లు ఒక్కొక్కటే విడదీసి, ఏ గదిది ఎంత చూపిస్తోందో కొలుస్తాడు. గీజర్ లైన్‌ని గీజర్ తగిలించి ఒకసారి, తీసి ఒకసారి కొలుస్తాడు. ఆ ఒక్క పోలికతో ప్లగ్‌కి ఇటా అటా అన్నది తేలిపోతుంది. ముందొచ్చినవాళ్ళని తిట్టడంలో ఉత్సాహం చూపిస్తే కొంచెం జాగ్రత్త. ‘‘ఇప్పుడే చెప్పలేను, చూడాలి’’ అనేవాణ్ణి తెలియనివాడనుకుని పంపించేయకండి, మీరు వెతుకుతున్నది బహుశా ఆ మనిషినే. కొలిచిన అంకెల్ని ఫోటో తీసుకోండి, బిల్లు మీద రాయమనండి. ఇకమీదట ఏ భాగం మార్చినా పాతది మీ ఇంట్లోనే ఉండాలని ముందే చెప్పేయండి.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు ఇవి. కంపెనీ మనిషిని మళ్ళీ పిలవొచ్చు. మార్చిన భాగాలకు మామూలుగా కొంతకాలం వారంటీ ఉంటుంది, బిల్లు తీసి చూడండి. గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోయి ఉంటే అది అతని బాధ్యతే, ఉచితంగా చేయమని గట్టిగా అడగొచ్చు. అయితే లోపం ప్లగ్‌కి ఇవతల, వైరింగ్ వైపు ఉంటే అతను ‘‘మాది బాగుంది’’ అని సంతకం పెట్టించుకుని వెళ్తాడు, మీరు మళ్ళీ మొదటికొస్తారు. రెండో దారి, పైన చెప్పినట్టు మెగ్గరున్న ఎలక్ట్రీషియన్‌ని కనిపెట్టడానికి మాత్రమే పిలవడం. నాకైతే ముందు ఇదే చేయాలనిపిస్తుంది, ఎలాగూ ఆ 32 మార్చడానికి ఎవరో ఒకరు రావాల్సిందే. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, గీజర్ లోపలిదని తేలితే అతను దాన్ని ముట్టుకోకపోవచ్చు, మళ్ళీ కంపెనీకే ఫోన్ చేయాలి. కానీ అప్పుడు మీ చేతిలో అంకెలుంటాయి, ‘‘చూశారా మేడమ్’’తో సరిపెట్టడం కుదరదు.

మూడోది మీవారు చెప్పినట్టు కొత్తది కొనడం. ఏడేళ్ళయిందని కొనేయడం తప్పేమీ కాదు, ట్యాంకే కారుతోందని తేలితే అసలు ఆలోచించక్కర్లేదు. లోపలి పూత పోయి తుప్పు పట్టిన ట్యాంకుకి నిలిచే రిపేరు లేదు. కానీ లోపం వైరింగ్‌లో ఉంటే, లేదా నాలుగు వస్తువులు కలిసి చేస్తున్న పని అయితే, కొత్త గీజర్ కూడా మొదటి సోమవారమే ట్రిప్ అవుతుంది. ఆయనకి ఫోన్లో ‘‘కొనడానికి నాకు అభ్యంతరం లేదు, ప్లగ్ తీసినా పడుతోందేమో చూసి కొందాం’’ అనండి. దానికి కాదనడానికి ఏమీ ఉండదు.

అత్తగారి మాట కొట్టిపారేయను. ఆడవాళ్ళు ఒక్కరే ఉన్నప్పుడు మాట తీరు మారేవాళ్ళున్నారు. కానీ ఈ ముగ్గురూ మీవారు ఎదురుగా ఉన్నా ఇదే చెప్పేవారని నా నమ్మకం. ఆయన అక్కడినుంచి చెప్తున్నదీ ప్లంబర్ చెప్పినదే కదా. అత్తగారికి ఇంకో విషయం మాత్రం విడమర్చి చెప్పాలి. ఆ పెద్ద స్విచ్ తీసేస్తే పీడా పోతుందని ఆవిడ కూడా అంటున్నారని రాశారు. ముందు స్నానానికి వెళ్ళేది ఆవిడా పిల్లాడే అని చెప్పండి, చాలు.

మరిది దగ్గర నిజం మొత్తం చెప్పక్కర్లేదు, అబద్ధమూ ఆడక్కర్లేదు. ‘‘మీ ఫ్రెండు వైరింగ్ వైపు చూడమన్నాడుగా, అందుకే లైన్లన్నీ మెగ్గర్ పెట్టి కొలిచే మనిషిని పిలుస్తున్నాను’’ అంటే ఆయన మాటకి విలువిచ్చినట్టే ఉంటుంది. వైరింగ్‌ని అనుమానించడం వరకూ ఆ స్నేహితుడిది తప్పు కాకపోవచ్చు కూడా. అయితే 32 సంగతి మాత్రం మరిదికి సూటిగానే చెప్పండి, దాచొద్దు. ఆ స్నేహితుడు ఇలాగే ఇంకెన్ని ఇళ్ళల్లో మార్చి ఉంటాడో. ఆ మాట మీరు చెప్పేకంటే మరిది నోటినుంచి వెళ్తేనే అతను వింటాడు.

రాడ్డు గురించి అడిగారు. ఇప్పుడున్న పరిస్థితిలో వద్దు. కరెంటు ఎక్కడ కారుతోందో తెలియని ఇంట్లో, తొమ్మిదేళ్ళ పిల్లాడున్న చోట, తెరిచిన బకెట్లో కరెంటు పెట్టడం గీజర్ కంటే ప్రమాదం. ఆ మనిషి వచ్చేదాకా నీళ్ళు స్టవ్ మీదే కాచుకోండి. బకెట్లో ముందు చన్నీళ్ళు పోసి ఆ తర్వాత వేడినీళ్ళు కలపండి. గిన్నె నిండా కాకుండా సగం వరకే పెట్టి, రెండుసార్లుగా మీరే మోయండి, అత్తగారిని మోయనివ్వకండి.